ఆటో డబ్బులతో కొన్న కితాబులు

మొన్న రంజాన్ ఈద్‌కి కొండవీడు వెళ్ళాను. ఈద్ మర్నాడు పొద్దున మా ఆపా ఇంట్లో మిగిలిన షీర్‌ఖుర్మా తాగుతూ కూర్చున్నాం. మా భాంజీకి ఫోనొచ్చింది. కొరియర్ అబ్బాయి. గల్లీ దాకా రాలేనన్నాడు, కోటకెళ్ళే రోడ్డు మొదట్లో ఉన్నాను, వచ్చి తీసుకోమన్నాడు. దుపట్టా సర్దుకుని పరిగెత్తింది. తిరిగొచ్చేటప్పుడు ప్యాకెట్‌ని దుపట్టా కింద పెట్టుకుని నేరుగా వంటింట్లోకి పోబోయింది. దూల్హాభాయ్ చూసేశారు.

“క్యా హై ఓ?”

“కితాబాఁ, అబ్బా.”

“కాలేజ్ కే?”

జవాబు లేదు. కాలేజీవి కావు మరి. తను బీయస్సీ రెండో సంవత్సరం. ప్యాకెట్‌లో ఉన్నవి ఖదీర్‌బాబు కథలు, జాషువా ‘గబ్బిలం’, ఖాలిద్ హుస్సేనీ ఇంగ్లీషు నవల ఒకటి. డెలివరీతో కలిపి ఐదొందల ఎనభై రూపాయలు. దూల్హాభాయ్ కోప్పడలేదు, అది నిజమే చెప్పాలి. నిట్టూర్చారు. “ఫోన్ మే ముఫ్త్ మిల్తా కతే నా, ఫిర్ పైసే కాయ్కు?” అన్నారు. ఆయన మిషన్ కుడతారు. ఐదొందల ఎనభై అంటే ఎన్ని జాకెట్లు కుట్టాలో ఆయనకి తెలుసు, నాకు తెలీదు. అందుకే ఆ సవాల్‌ని తేలిగ్గా తీసిపారేసే హక్ నాకు లేదు.

ఇంతకీ ఆ డబ్బు ఎక్కడిది? 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీలో ‘స్త్రీ శక్తి’ ఉచిత ప్రయాణం వచ్చింది కదా. అంతకుముందు ఇచ్చిన డబ్బు ఇచ్చినట్టే కండక్టర్ చేతికి పోయేది. ఇప్పుడు బస్సెక్కే చోటు దాకా ఆటోకి రోజూ ఇరవై ఇస్తున్నారు. పిల్ల పొద్దున నడిచి వెళ్ళింది, సాయంత్రం మాత్రమే ఆటో ఎక్కింది. అలా రోజుకి పది. యాభై ఎనిమిది పొద్దులు నడిస్తే మూడు పుస్తకాలు. ఈ హిసాబ్ తనే నాకు తర్వాత మేడ మీద చెప్పింది, తప్పు ఒప్పుకుంటున్నట్టు మెల్లగా. నాకు దిల్‌లో కలుక్కుమంది, ఎందుకంటే ఈ కథ నాకు పాతదే.

నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. డిగ్రీలో తెలుగు తీసుకుంటే ఇంట్లో అందరూ నవ్వారు. శ్రీనాథుడు మా ఊరి కొండ మీదే, పెదకోమటి వేమారెడ్డి కొలువులో విద్యాధికారిగా పనిచేశాడని క్లాసులో చెబుతుంటే గర్వంగా ఉండేది, ఆయన పద్యం మాత్రం ఒక్కటీ నోరు తిరిగేది కాదు. ఆ రోజుల్లోనే, 1999లో, ‘దర్గామిట్ట కతలు’ పుస్తకంగా వచ్చింది. ఒక దోస్త్ దగ్గర చూశాను. మా ఇళ్ళల్లో మాట్లాడుకునే మాటలు, మా అమ్మీల వంటలు, మా ఫాతెహాలు తెలుగు అక్షరాల్లో అచ్చయి ఉన్నాయి. సగం చదివేసరికి దోస్త్ తిరిగి తీసేసుకున్నాడు. ఇక నాకు సొంత కాపీ కావాలి, అంతే.

అప్పట్లో ఆన్‌లైన్ ఎక్కడిది? వీపీపీ. ఇప్పటి పిల్లలు క్యాష్ ఆన్ డెలివరీ కొత్త సంగతి అనుకుంటారు గానీ, మన తపాలా శాఖ 1877లోనే ఆ పని మొదలుపెట్టింది. కార్డు ముక్క రాసి పడేస్తే షాపువాళ్ళు పుస్తకం పంపేవారు. పోస్టాఫీసులో డబ్బు కట్టి విడిపించుకోవాలి, ఆ డబ్బు మనియార్డరుగా షాపుకి పోతుంది. బెజవాడలో ఒక షాపుకి కార్డు రాశాను. పుస్తకం వెల మాత్రమే లెక్కేసుకుని పైసా పైసా జమచేశాను. పార్సిల్ వచ్చింది. పోస్ట్‌మన్ చాచా చెప్పిన మొత్తం నా దగ్గరున్నదాని కంటే పద్నాలుగు రూపాయలు ఎక్కువ. తపాలా ఖర్చు, వీపీ ఖర్చు నేను అనుకోలేదు. వీపీపీని ఏడు రోజులు ఆపుతారు, ఆ తర్వాత వాపస్. అబ్బాని అడగడానికి ధైర్యం చాలలేదు. ఉధార్ అడగడానికి సిగ్గు. ఆ ఏడు రోజులూ కాలేజీ నుంచి వస్తూ పోస్టాఫీసు కిటికీలోంచి చూసేవాణ్ణి, నా పేరు రాసున్న పార్సిల్ బల్ల మీద కనబడేది. ఎనిమిదో రోజు లేదు.

తర్వాత మొదటి జీతంతో కొన్నాను లెండి. కానీ ఇరవై ఏళ్ళప్పుడు చదవాల్సింది ఇరవై మూడేళ్ళప్పుడు చదవడంలో మజా వేరు. అబ్బాకి ఈ సంగతి చెబితే, “పద్నాలుగు రూపాయలా? అడిగితే ఇచ్చేవాణ్ణి కదా బేటా” అన్నారు. ఇచ్చేవారే. అడగొచ్చని మాత్రం నాకెప్పుడూ అనిపించలేదు.

నేను చెప్పాలనుకున్నది ఇదే. మన ఇళ్ళల్లో తాలీమ్‌కి డబ్బు ఇవ్వరని కాదు. కోచింగ్ ఫీజుకి నగ కుదువ పెట్టే అమ్మీలు నాకు తెలుసు. జల్సాల్లో ప్రతి ముఖర్రిరూ మొదటి వహీ ‘చదువు’ అన్న మాటతోనే వచ్చిందని చెబుతాడు, మనమూ తల ఊపుతాం. కానీ పిల్లలు తమ షౌక్‌తో, తమంతట తాము ఎంచుకున్న పుస్తకం కొంటే దాన్ని ఫిజూల్ ఖర్చు కింద రాసేస్తాం. చదివాక చించి పారేసే షాదీ కార్డుకి, మూడు రోజుల్లో అయిపోయే డేటాకి ఈ హిసాబ్ అడగం. మా భాంజా బైక్ పెట్రోల్‌కి నెలకెంతవుతోందో ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు. ఆడపిల్ల పార్సిల్ మాత్రం అందరి కళ్ళకీ కనబడింది.

దూల్హాభాయ్ సవాల్‌కి వస్తాను. ఫోన్లో ముఫ్త్. దొరుకుతుంది, నిజమే. శ్రీనాథుడి మీద ఎవరికీ కాపీరైట్ లేదు, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో హాయిగా చదువుకోవచ్చు. ఉర్దూ వచ్చినవాళ్ళకి రేఖ్తాలో వేలకొద్దీ కితాబులున్నాయి, పైసా అక్కర్లేదు. మా భాంజీకి ఆ రెండూ నేనే చూపించాను. కానీ బతికున్న రచయిత పుస్తకాన్ని ఎవడో స్కాన్ చేసి గ్రూపుల్లో పంచితే అది ముఫ్త్ కాదు, ఇంకొకరి హక్ తినడం. మన దేశంలో రచయిత పోయిన తర్వాత కూడా అరవై ఏళ్ళు కాపీరైట్ ఉంటుంది. జాషువా 1971లో పోయారు, అంటే ఆ లెక్కన 2031 ఆఖరు దాకా. మన ముస్లిం రచయితలు చాలామంది సొంత డబ్బుతో కొద్ది కాపీలు వేసుకుని, బస్తా మోసుకుంటూ తిరిగి అమ్ముకుంటారు. పీడీఎఫ్ ఫార్వర్డ్ చేసేది మొదట మనవాళ్ళే. రెండో పుస్తకం వేయలేదేం భాయ్ అని అడిగేదీ మనవాళ్ళే.

లైబ్రరీ లేదా అంటారా? ఇంటి పన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం, తప్పకుండా వెళ్ళి వాడుకోవాలి. అది వేరే వ్యాసం.

అసలు దెబ్బ కొట్టేది నా రోజుల్లో లాగే ఇప్పుడు కూడా పుస్తకం వెల కాదు, దాన్ని ఊరికి తెచ్చే ఖర్చు. ఫ్లిప్‌కార్ట్ 2007లో పుస్తకాల దుకాణంగానే మొదలైంది. దాని మొట్టమొదటి ఆర్డర్ ఇచ్చింది మన మహబూబ్‌నగర్ నుంచి ఒక తెలుగు యువకుడు. పెద్ద నగరం నుంచి కాదు చూడండి, పుస్తకం దొరకని చోటి నుంచి. కానీ నూట ఇరవై రూపాయల పుస్తకానికి అరవై డెలివరీ అంటే విద్యార్థి ఏం చేస్తాడు? కార్ట్‌లో పెట్టి నెలల తరబడి చూస్తూ కూర్చుంటాడు. మా భాంజీ మూడు పుస్తకాలూ ఒకేసారి తెప్పించింది ఈ లెక్కతోనే.

ఇక్కడ ఒక పనికొచ్చే సంగతి. 2024 డిసెంబరులో తపాలా శాఖ రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ ఆపేసింది, చిన్న ప్రచురణకర్తలు గగ్గోలు పెట్టారు. తర్వాత 2025 మే 1 నుంచి ‘జ్ఞాన్ పోస్ట్’ అని పెట్టారు. మూడొందల గ్రాముల దాకా ఇరవై రూపాయలు, ఐదు కిలోల దాకా వంద, పన్ను అదనం. ట్రాకింగ్ కూడా ఉంది. రోడ్డు మీదా రైల్లో వస్తుంది కాబట్టి కాస్త సబర్ కావాలి. లెక్క వేయండి. ఒక్క పుస్తకం ఒక్కరే తెప్పిస్తే ఇరవై పడుతుంది. అదే పది పదిహేను చిన్న పుస్తకాలు ఒకే పార్సిల్‌గా తెప్పిస్తే తలా ఏడో పదో. పెద్ద వెబ్‌సైట్లు తమ కొరియర్‌నే వాడతాయి, అక్కడ ఈ మాట చెల్లదు. అందుకే ప్రచురణకర్తకో రచయితకో నేరుగా ఫోన్ చేసి, జ్ఞాన్ పోస్ట్‌లో పంపుతారా అని అడగాలి. డబ్బు ఫోన్‌పేలో కొట్టొచ్చు.

ఆ సాయంత్రం మేడ మీద మా భాంజీతో ఇదే చెప్పాను. కొండవీడులో, ఫిరంగిపురంలో తన సహేలీలు ఎంతమంది ఉంటే అంతమంది కలిసి ఒక లిస్టు రాయండి, ఎవరి పుస్తకం డబ్బు వాళ్ళది, తపాలా ఖర్చు మామూది అన్నాను. ఏ పుస్తకం అని మాత్రం అడగనన్నాను. ఈదీ ఇచ్చేటప్పుడు కూడా ఈ ఒక్క షరతు పెద్దవాళ్ళం మన మీద మనం పెట్టుకుంటే బావుంటుంది. ఇచ్చాక హిసాబ్ అడక్కూడదు. పిచ్చి పుస్తకం కొంటే కొననీయండి, నేను కొన్న పిచ్చి పుస్తకాలతో ఒక అల్మారా నిండింది.

పొద్దున నడవడం ఆపేయమని ఆపా చెప్పింది. ఆటోకి వేరే, కితాబులకి వేరే, నెలకి వంద తనే ఇస్తానంది, కుట్టు డబ్బుల్లోంచి. దూల్హాభాయ్ వింటూ ఊరుకున్నారు.

నిన్న భాంజీ ఫోన్ చేసింది. లిస్టులో పదకొండు పుస్తకాలయ్యాయట. పన్నెండోది అబ్బా అడిగారు మామూ అంది. చిన్నప్పుడు అద్దెకి తెచ్చుకుని చదివిన ఇబ్నె సఫీ ఇమ్రాన్ సిరీస్ ఏదైనా ఉర్దూలో దొరుకుతుందేమో చూడమన్నారట. డబ్బు మాత్రం ఇంకా ఇవ్వలేదట.