పిచ్చుక తరఫున దయ్యపు సాక్ష్యము

శంకరు దర్శకత్వమున 2018 నవంబరు 29వ తేదీన విడుదలయైన 'టూ పాయింట్ ఓ' చిత్రమును మేము మొదట రాజపాళయములోనే తమిళమున చూచితిమి. ఇటీవల సెలవులలో ఇంటి పిల్లలు టెలివిజనులో దానిని మరల చూచుచుండగా వారి నడుమ కూర్చుంటిమి. చిత్రము ముగిసిన పిమ్మట మనుమరాలు, "తాతా, మన యింటికి చిట్టుక్కురువి రాకపోవుటకు ఆ సెల్లు టవరే కారణమా?" అని యడిగినది. పిచ్చుక యను మాట ఆమె నోట రాలేదు. ఆ సంగతి వేఱొక వ్యాసమునకు తగినది. ఆమె ప్రశ్న మాత్రము మమ్ము నిద్రపోనీయలేదు.

2010లో వచ్చిన 'ఎందిరన్'ను తెలుగువారు 'రోబో' యను పేర నెఱుగుదురు. అందు ఆటపాటలు, అతిశయోక్తులు ఎన్ని యున్నను నడుమ నొక నిజమైన ప్రశ్న గలదు: యంత్రమునకు మనసు కలిగించినచో దాని తప్పునకు బాధ్యుడెవ్వడు? న్యాయస్థానము ఆజ్ఞకు లోబడి చిట్టి తన యవయవములను తానే విప్పుకొను ఘట్టమున మా యింటి పెద్దలు సైతము కన్నులు తుడుచుకొనిరి. రెండవ భాగమున ఆ ప్రశ్న యెటుపోయినది? పక్షిరాజను పక్షిశాస్త్రజ్ఞుడు టవరునకు ఉరివేసికొని చచ్చును. అతని ఆత్మ చచ్చిన పక్షుల ఆత్మలతో కలిసి, ఊరిలోని ఫోనులనెల్ల రెక్కలుగా ధరించి, మనుష్యులను చంపును. దీనికి ప్రభామండలమనియు, సూక్ష్మకణములనియు శాస్త్రపు మాటలు తొడిగిరి. మన అవ్వల కథలలోని దయ్యము తాను దయ్యమనియే చెప్పుకొనును. ఇది ప్రయోగశాల అంగీ వేసికొని వచ్చిన దయ్యము! వేలకొలది ఫోనులు పక్షియై యెగయు దృశ్యము అద్భుతమని యొప్పుకొనుటకు మాకు సంకోచము లేదు. భయపెట్టుటకు దయ్యమును వాడుకొనుట తప్పు కాదు. ఆ దయ్యమును శాస్త్రమునకు సాక్షిగా నిలుపుటయే తప్పు.

2020లో వెలువడిన భారతదేశ పక్షుల స్థితి నివేదిక ప్రకారము, పిచ్చుకలు మహానగరములలో తగ్గినను, దేశము మొత్తమున సుమారుగా నిలకడగానే యున్నవి. టవరులే వానిని చంపుచున్నవనుటకు ఋజువు లేదు. సెల్లు కంపెనీల సంఘము విడుదలకు ముందు చిత్రముపై ఫిర్యాదు చేసినప్పుడు మేమేమియు సంతోషింపలేదు. తప్పును తప్పని చెప్పవలెను గాని నోరు మూయింపరాదు. అయినను మన యిండ్ల సంగతి మనమే చెప్పుకొందము. పెంకుటిండ్ల చూరులను పడగొట్టినది టవరు కాదు, మనము. వసారాలో వరికంకుల కుచ్చు వ్రేలాడగట్టు వాడుకను మానినదియు మనమే. పిచ్చుక తన పిల్లలకు పురుగులను మేపును. పెరడెల్ల సిమెంటు గచ్చు చేసిన పిదప పురుగులెక్కడివి?

నిజమైన భయానక కథ కావలసినవారికి రాబందుల కథ గలదు. 1992కును 2007కును నడుమ మన దేశమున తెల్లవీపు రాబందులు నూటికి తొంబదితొమ్మిదికి మించి నశించినవి. ఏదో అంటురోగమని మొదట అనుమానించిరి. చచ్చిన పక్షులను కోసి చూడగా మూత్రపిండములు చెడియుండెను. పశువులకు నొప్పి తగ్గుటకై యిచ్చు డైక్లోఫెనాక్ అను మందు కళేబరముల ద్వారా పక్షులలోనికి పోయి చంపుచున్నదని పరిశోధకులు 2004లో ప్రకటించిరి. 2006లో ప్రభుత్వము పశువైద్యమున ఆ మందును నిషేధించినది. ఇందు దుష్టుడు లేడు, పగపట్టిన ఆత్మ లేదు. ఆవు బాధ చూడలేని రైతు దయయే ఆకాశమును ఖాళీ చేసినది. ఇంతకంటె ఒళ్లు జలదరింపజేయు కథను ఏ కోట్ల రూపాయలు కొని తేగలవు?

పక్షిరాజు పాత్ర సలీం అలీని తలపించును. బాల్యమున తాను కొట్టిన పిచ్చుక యేజాతిదో తెలియక, దానిని బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమునకు తీసికొనిపోయి యడిగిన వాడాయన. ఆ పిదపను అడుగుచునే యుండెను. అట్టివానిని తలపించు పాత్రచేత హత్యలు చేయించిరి.

"సినిమాయే గదా, ఇంత కోపమెందుకు?" అని మిత్రులందురు. మన పిల్లలు బడిలో శాస్త్రమును తమిళముననో, ఇంగ్లీషుననో చదువుదురు. ఇంటిలోని తెలుగు పెండ్లికిని, వంటకును, చాడీలకును మిగిలినది. ఇట్టి ప్రశ్న వచ్చినప్పుడు మనము నీళ్లు నమలినచో, ఆ చోటును దయ్యము ఆక్రమించును. మేమును మొదట నీళ్లే నమలితిమి.

మఱునాడు మనుమరాలిని కూర్చుండబెట్టి రాబందుల కథ తెలుగున చెప్పితిమి. మూత్రపిండమను మాట ఆమెకు తెలియలేదు. వీపు తట్టి చోటు చూపితిమి. అంతయు విని, "ఆ మందు ఇప్పుడు అమ్మరు గదా?" అనినది. మనుష్యుల కొఱకైన పెద్ద సీసాలను పశువులకు వాడుచుండిరనియు, 2015లో వానిని గూడ నిషేధించిరనియు చెప్పితిమి. అట్లు వాడినవారెవరని యడిగినది గాని, పక్షిరాజు పేరెత్తలేదు.