గడువు దాటేది ఒకరు, నష్టపోయేది ఇంకొకరు

2025 డిసెంబరు 31 దాటితే 2024-25 ఆర్థిక సంవత్సరానికి మామూలు ఆదాయపు పన్ను రిటర్ను వేసే దారి మూసుకుపోతుంది. సెప్టెంబరులో వేయలేకపోయినవాళ్లు ఆలస్య రుసుము కట్టి వేసుకోవాలన్నా, వేసినవాళ్లు అందులో పొరపాటు దిద్దుకోవాలన్నా అదే ఆఖరు రోజు. టర్నోవరు 2 కోట్లు దాటిన వ్యాపారులు జీఎస్టీ వార్షిక రిటర్ను వేయాల్సిందీ ఆ రోజే. అంతకంటే ముందు 15న మూడో విడత అడ్వాన్స్ ట్యాక్స్ ఉంది. ఏ ఊళ్లో ఎవరినడిగినా ట్యాక్స్ గడువంటే మాత్రం జూలై 31 అనే చెబుతారు. మిగతావన్నీ ఆడిటర్ గారు చూసుకుంటారు.

చూసుకుంటారు, నిజమే. ఫోన్ చేసి ఓటీపీ అడుగుతారు, మనం చెబుతాం, పని అయిపోయిందనుకుంటాం. ఏ తేదీకి ఏది దాఖలు చేశారో, అసలు చేశారో లేదో అడగం. తేదీ తప్పినా ఫైన్ కట్టి బయటపడొచ్చన్నది చాలామంది ధీమా. తప్పినవాడికి ఆ ఫైను చిన్నదే కావచ్చు. అసలు దెబ్బ అతని మీద ఆధారపడినవాడికి తగులుతుంది. పన్నుల క్యాలెండరులో చాలా తేదీల వెనక ఇంకొకరి డబ్బు ఉంటుంది.

చిన్న పట్టణంలో పైపులు, కుళాయిలు అమ్మే దుకాణం తీసుకుందాం. యజమాని హైదరాబాద్ హోల్‌సేలరు దగ్గర నవంబరులో లక్ష రూపాయల సరుకు కొన్నాడు. దాని మీద 18 వేల జీఎస్టీ కూడా కలిపి డబ్బు పంపేశాడు. ఆ 18 వేలు తాను కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవాలంటే హోల్‌సేలరు డిసెంబరు 11లోగా జీఎస్టీఆర్-1 వేసి, అందులో ఆ బిల్లు చూపించాలి. చూపిస్తే 14న దుకాణదారుడి జీఎస్టీఆర్-2బీలో కనిపిస్తుంది. హోల్‌సేలరు తీరిగ్గా 13న వేశాడనుకోండి, బిల్లు వచ్చే నెలకు పోతుంది. 20న జీఎస్టీఆర్-3బీ వేసేటప్పుడు దుకాణదారుడు ఆ 18 వేలు జేబులోంచి తీసి కట్టుకోవాలి. తర్వాతి నెలలో సర్దుబాటు అవుతుంది కదా అనొచ్చు. కానీ ఆ డబ్బు ఈ నెల చిట్టీకి, గుమాస్తా జీతానికి పక్కన పెట్టుకున్నది. రెండు రోజుల ఆలస్యానికి చట్టం హోల్‌సేలరు మీద వేసే లేట్ ఫీజు రోజుకు 50 చొప్పున 100 రూపాయలు.

అందుకే దుకాణదారుడికి 20వ తేదీ ఎంత ముఖ్యమో 14 కూడా అంతే ముఖ్యమంటాను. ఆ రోజు 2బీ తెరిచి, కొన్న బిల్లులన్నీ వచ్చాయో లేదో చూసుకుని, రానిదానికి అప్పటికప్పుడు హోల్‌సేలరుకు ఫోన్ చేయాలి. ఈ పని ఆడిటర్ చేయలేరు. ఏ సరుకు ఎవరి దగ్గర కొన్నదీ దుకాణదారుడికే తెలుసు.

ఇతని నెల ఇంతటితో అయిపోలేదు. కోసిన టీడీఎస్ 7న కట్టాలి, పనివాళ్ల వృత్తి పన్ను 10న, పీఎఫ్, ఈఎస్‌ఐ 15న. టర్నోవరు 5 కోట్ల లోపయితే మూడు నెలలకోసారి రిటర్ను వేసే వీలుంది. అప్పుడు మన రెండు రాష్ట్రాలవాళ్లకూ 3బీ గడువు 22. అయితే ఆ పద్ధతిలో ఉన్నవాళ్లు కూడా త్రైమాసికంలో మొదటి రెండు నెలల పన్ను 25 లోపు కట్టాలి. రిటర్నుకు మూడు నెలల గడువుంది కాబట్టి పన్నుకూ ఉంటుందనుకుని వడ్డీ కట్టినవాళ్లు తక్కువేం లేరు. దుకాణం మూసేసి రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకోకుండా వదిలేసినవాళ్లది ఇంకో బాధ. రూపాయి అమ్మకం లేకపోయినా నిల్ రిటర్ను వేయాల్సిందే. వేయకపోతే రోజుకు 20 చొప్పున లేట్ ఫీజు పెరుగుతూ పోతుంది.

జీతగాళ్ల విషయానికొస్తే, ఒక ప్రైవేటు కాలేజీ లెక్చరర్ జీతంలో నెలనెలా టీడీఎస్ కోస్తున్నారనుకుందాం. చివరి మూడు నెలల వివరాలు కాలేజీ మే 31లోగా దాఖలు చేయాలి, జూన్ 15లోగా ఫారం 16 ఇవ్వాలి. అది చేయకపోతే లెక్చరర్ పేరు మీద జమైన పన్ను చూపే 26ఏఎస్‌లో ఆ పన్ను కనిపించదు. ఉద్యోగి జీతంలో కోసిన పన్నును మళ్లీ ఉద్యోగి నుంచి వసూలు చేయకూడదని ఆదాయపు పన్ను చట్టం 205వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. కానీ రిటర్నును ముందుగా పరిశీలించేది కంప్యూటరు. దానికి 26ఏఎస్‌లో ఉన్న అంకెలే తెలుసు. డిమాండ్ నోటీసు లెక్చరర్‌కే వస్తుంది. అతను పేస్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు పట్టుకుని తిరగాలి. పన్ను కోసింది యాజమాన్యం, తిరుగుడు ఉద్యోగికి.

ఇది ఇల్లు కొనుక్కునే మామూలు కుటుంబాలకూ వర్తిస్తుంది. 50 లక్షలు, ఆపైన ధర ఉన్న ఫ్లాట్ కొన్నవాళ్లు అమ్మినవారికిచ్చే డబ్బులో 1 శాతం టీడీఎస్ కోసి, ఆ నెల ముగిసిన 30 రోజుల్లోగా 26క్యూబీ ఫారంతో కట్టాలి. 80 లక్షల ఫ్లాటుకు 80 వేలు. బ్యాంకు లోను, రిజిస్ట్రేషన్, గృహప్రవేశం హడావిడిలో ఇది ఎవరికీ గుర్తుండదు. 100 రోజులు ఆలస్యమైతే రోజుకు 200 చొప్పున 20 వేల ఫీజు, దానికి తోడు వడ్డీ. ఇటు అమ్మినవారి ఖాతాలో ఆ 80 వేలు అప్పటిదాకా కనపడవు. అమ్మినవారు విదేశాల్లో ఉంటే లెక్క వేరు, పన్ను శాతం కూడా చాలా ఎక్కువ. అమెరికాలో ఉన్న బంధువుల ఫ్లాట్ కొనేవాళ్లు అడ్వాన్సు ఇవ్వకముందే ఈ సంగతి తేల్చుకోవాలి.

ఇక పొడిగింపుల సంగతి. 2025 మే 27న ప్రభుత్వం జూలై 31 గడువును సెప్టెంబరు 15కు జరిపింది. ఫారాల్లో మార్పులు ఎక్కువగా ఉన్నాయి, వాటికి తగ్గ ఏర్పాట్లకు సమయం కావాలంది. 15వ తేదీ అర్ధరాత్రి వేళ ఇంకొక్క రోజు ఇచ్చింది. ఆడిట్ నివేదికల గడువు సెప్టెంబరు 30 నుంచి అక్టోబరు 31కి, అక్కణ్నుంచి నవంబరు 10కి వెళ్లింది. అది కూడా ఆడిటర్ల సంఘాలు హైకోర్టుల దాకా వెళ్లాకే. పొడిగింపు వచ్చినప్పుడల్లా సమయానికి పని ముగించినవాళ్లు, రాత్రుళ్లు కూర్చుని చేసినవాళ్లు తామెందుకు తొందరపడ్డామా అనుకుంటారు. మరుసటేడు వాళ్లూ ఆగి చూస్తారు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

పైగా పొడిగింపు అందరూ అనుకున్నంత ఉచితం కాదు. జీతం కాక అద్దెలు, ఫిక్స్‌డ్ డిపాజిట్ల వడ్డీ ఉన్నవాళ్లకు టీడీఎస్ పోగా ఏడాదికి 10 వేలు, ఆపైన పన్ను తేలితే అడ్వాన్స్ ట్యాక్స్ కట్టాలి. వ్యాపారం లేని 60 ఏళ్లు దాటిన పెద్దలకు మాత్రం మినహాయింపు. కట్టాల్సినంత కట్టనివాళ్లకు ఏప్రిల్ 1 నుంచే నెలకు 1 శాతం వడ్డీ నడుస్తుంది. రిటర్ను గడువు సెప్టెంబరుకు జరిగినా ఆ వడ్డీ ఆగలేదు. అమెరికాలో ఏప్రిల్ 15 నుంచి అక్టోబరు 15 దాకా పొడిగింపు తీసుకునే మనవాళ్లకు ఇది తెలిసిన సంగతే. అక్కడ గడువు పెరిగేది దాఖలుకే, డబ్బు ఏప్రిల్‌లోనే కట్టేయాలి. ఇక్కడ ఆ మాట గట్టిగా చెప్పేవారు లేరు.

ప్రభుత్వం తన వైపు కూడా ఇదే క్రమశిక్షణ చూపాలి. మనం ఆలస్యం చేస్తే నెలకు 1 శాతం వడ్డీ, మనకు రావాల్సిన రిఫండు ఆలస్యమైతే మాత్రం నెలకు అర శాతమే. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వస్తోంది. అసెస్‌మెంట్ ఇయర్ అన్న మాట పోయి ట్యాక్స్ ఇయర్ వస్తుంది, సెక్షన్ల అంకెలు మారతాయి. ఇంత మారుస్తున్నప్పుడు ఈ రెండు వడ్డీలనూ సమానం చేయడం కష్టం కాదు. రిటర్ను ఫారాలు, వాటిని నింపే సాఫ్ట్‌వేరు ఏప్రిల్ 1నే పోర్టల్‌లో ఉండాలి. ఎన్ని రోజులు ఆలస్యమైతే అన్ని రోజులు గడువు దానంతటదే పెరిగేలా చట్టంలోనే రాయాలి. అప్పుడు చివరి రాత్రి ప్రకటన కోసం ఎవరూ ఎదురుచూడరు.

ఈ వారం చేయాల్సింది ఒకటుంది. ఆదాయపు పన్ను పోర్టల్‌లోకి వెళ్లి మీ 26ఏఎస్, ఏఐఎస్ (వార్షిక సమాచార నివేదిక) రెండూ తెరిచి, వేసిన రిటర్నుతో పోల్చి చూడండి. బ్యాంకు కోసిన టీడీఎస్ రిటర్నులో కలపడం మరిచిపోయారా, వడ్డీ వదిలేశారా అన్నది అక్కడ బయటపడుతుంది. తేడా ఉంటే డిసెంబరు 31లోగా సవరించిన రిటర్ను వేసి, 30 రోజుల్లోగా ఈ-వెరిఫై చేయండి. అసలు వేయనివాళ్లు 5 వేల రుసుముతో, ఆదాయం 5 లక్షల లోపయితే వెయ్యితో వేసుకోవచ్చు. అయితే పాత పన్ను విధానం ఇప్పుడు దొరకదు. జనవరి 1 తర్వాత మిగిలేది అప్‌డేటెడ్ రిటర్ను. అందులో అదనపు పన్ను కట్టే వీలుంది కానీ రిఫండు అడిగే వీలు లేదు. రిఫండు రావాల్సినవాళ్లు అప్పుడు ఆలస్యాన్ని మన్నించమని ఆదాయపు పన్ను అధికారులకు దరఖాస్తు పెట్టుకుని, కారణాలు చూపించి, జవాబు కోసం ఎదురుచూడాలి.