పట్నం పాఠం చెప్పేదెవరు?

1985 జూలై 17న కారంచేడులో మాదిగలను నరికితే బతికినవాళ్లు చీరాల చేరారు. 1991 ఆగస్టు 6న చుండూరులో మాలలను చంపితే మిగిలినవాళ్లు తెనాలికి పరుగెత్తారు. ఊరు తరిమినప్పుడు మనకు దిక్కయింది పట్నమే. ఊరిని చూసి మురిసిపోవద్దని బాబాసాహెబ్ 1948లోనే రాజ్యాంగ సభలో హెచ్చరించాడు.

మరి పట్నం మనల్ని ఎక్కడ నిలబెట్టింది? చీపురు దగ్గర, మోరీ దగ్గర, నాలా ఒడ్డు గుడిసెలో. ఇది దానంతటదే జరగలేదు. పట్నాన్ని నడిపేవాళ్లున్నారు. నడిపేవాళ్లకు పాఠం చెప్పేవాళ్లూ ఉన్నారు. ఈ రెండోవాళ్ల సంగతి మన సభల్లో ఎన్నడూ పెద్దగా మాట్లాడుకోలేదు.

తార్నాక దాటి ఉస్మానియా క్యాంపస్‌లోకి పోతే ప్రాంతీయ నగర, పర్యావరణ అధ్యయన కేంద్రం ఉంది. 1970లో పెట్టారు. చోటు ఉస్మానియాది, డబ్బు కేంద్ర ప్రభుత్వానిది. అంటే మనందరిది. మునిసిపల్ అధికారులు, ఇంజనీర్లు, ఎన్నికైన కౌన్సిలర్లు శిక్షణకు వచ్చేదిక్కడికే. పన్నులు, నీళ్లు, చెత్త, బస్తీ బాగు, అన్నీ ఇక్కడ పాఠాలే. అదే క్యాంపస్‌ను ఆనుకొని వడ్డెర బస్తీ ఉంది. బస్తీ మీద పాఠం గోడకు ఇవతల, బస్తీ గోడకు అవతల.

ఊళ్లో ఉన్న మాకెందుకీ గొడవ అనుకోకండి. రేపు మీ పక్క టౌనులో గుడిసె పీకాలా, పట్టా ఇవ్వాలా అని ఫైలు మీద రాసేవాడు ఇట్లాంటి చోట పాఠం విన్నవాడే.

74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. జనాభా లెక్కన ఎస్సీలకు, మూడో వంతు ఆడవాళ్లకు వార్డులు వచ్చాయి. మన అక్క కౌన్సిలరయింది. కానీ బడ్జెట్ కాగితం ముందు పెట్టి "ఇక్కడ సంతకం పెట్టమ్మా" అంటే, అందులో ఏముందో ఆమెకు చెప్పేదెవరు? ఆ పని ఈ కేంద్రానిది. అందుకే దీన్ని మూసెయ్యమనడం లేదు, మాకు కావాలంటున్నాం.

మోరీలోకి మనిషిని దించొద్దని 2013 చట్టం చెప్పింది. చచ్చిన కుటుంబానికి 10 లక్షలివ్వాలని 2014లో, 30 లక్షలివ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రాణానికి రేటు పెరిగింది గానీ దించడం ఆగలేదు. పైపు కొలతలు నేర్చిన ఇంజనీరుకు ఆ పైపులోకి దిగే మనిషి కులం ఏమిటో, ఎందుకు దిగుతున్నాడో ఎవరూ నేర్పలేదు. ఆ పాఠం మోరీ దిగినవాడే చెప్పాలి.

ఇక ఉద్యోగాల లెక్క. ఒక్కో శాఖను విడివిడిగా లెక్కగట్టే రోస్టరులో ఎస్సీ వంతు ఏడో పోస్టుకు గాని రాదు. ఆరు పోస్టుల శాఖలో మనకు వచ్చేది సున్నా. 2018లో యు.జి.సి. ఈ పద్ధతే పెడితే దేశమంతా కొట్లాడి 2019లో చట్టం తెచ్చుకున్నాం. ఆ చట్టం కేంద్ర సంస్థలకే. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చిన్న చిన్న కేంద్రాల మీద మన కన్ను మనమే వెయ్యాలి.

కాబట్టి అడుగుతున్నాం. కేంద్రాన్ని నడిపేవాళ్లలో, పాఠం చెప్పేవాళ్లలో ఎస్సీ, ఎస్టీ, బీసీలు ఎందరో బయటపెట్టండి. ప్రతి శిక్షణలో ఒక పారిశుధ్య కార్మికురాలిని, ఒక బస్తీ మనిషిని పాఠం చెప్పడానికి పిలవండి. సాక్ష్యానికి కాదు, పంతులుగా, పంతులుకిచ్చే డబ్బిచ్చి పిలవండి. రిజర్వుడు వార్డు మెంబర్లకు తెలుగులో, బడ్జెట్ చేతికిచ్చి నేర్పండి.

కార్యకర్తలు ఊరికే చదివి ఊరుకోవద్దు. 2005 సమాచార హక్కు చట్టం ఉంది. దరఖాస్తు పెట్టండి. వచ్చిన జవాబు మాకు పంపండి, అచ్చేస్తాం.

1953 జనవరి 12న అంబేడ్కర్‌కు డాక్టరేట్ ఇచ్చి గౌరవించింది ఈ ఉస్మానియానే. ఆయనకు పట్టా ఇచ్చిన చోట ఆయన జనానికి పంతులు కుర్చీ ఇవ్వడానికి ఇంకెన్నాళ్లు?