చలికాలపు బీరు చల్లగానే ఎందుకుండాలి?

తెలుగు ఊళ్ళలో బీరు ఎండాకాలపు సరుకు. సీసాకు చెమట పట్టి ఉండాలి, పట్టుకుంటే వేళ్ళు జివ్వుమనాలి. చల్లదనం ఒక పిసరు తగ్గినా వెయిటర్‌కు చీవాట్లే. ఈ అలవాటున్న మనిషి డిసెంబరులో గ్యాంగ్‌టక్ వెళ్ళి, ఇక్కడివాళ్ళు తాగేదేదో తనకూ ఇమ్మని అడిగితే, అతని ముందు మూతపెట్టిన వెదురు పాత్ర ఒకటి, దాంట్లో గుచ్చిన సన్నటి గొట్టం, పక్కన ఫ్లాస్కు నిండా మరిగిన నీళ్ళు పెడతారు. పాత్రలో తొంగిచూస్తే గింజలు తప్ప ఏమీ కనిపించవు. అదే అక్కడి చలికాలపు బీరు. ఇంటి బీరు.

దాన్ని తొంగ్బా అంటారు. నిజానికి అది పాత్ర పేరు. లోపల ఉండేవి పులియబెట్టిన రాగులు. నేపాలీలో రాగిని ‘కోదో’ అంటారు. మన అరికెలను ఇంగ్లీషులో పిలిచే పేరు కూడా అదే కావడంతో దీని గురించి రాసేవాళ్ళు తరచూ తికమక పడుతుంటారు. ఇది మాత్రం అచ్చంగా మన రాగే, ఉత్తరాంధ్ర వాళ్ళ చోడే. తూర్పు నేపాల్ లింబూల ఇళ్ళలోనూ, సిక్కిం, డార్జిలింగ్, కాలింపాంగ్ కొండల్లోనూ దీన్ని తరతరాలుగా ఆడవాళ్ళే చేస్తూ వస్తున్నారు.

చేసే తీరు చూస్తే మన వంటింటికి బాగా దగ్గర. రాగుల్ని కడిగి, ఉడికించి, వెదురు చాప మీద ఆరబోసి, ‘మర్చా’ పొడి చల్లుతారు. బియ్యప్పిండిలో కొండ మూలికలు కలిపి తట్టి ఎండబెట్టిన బిళ్ళ మర్చా. ఒకరకంగా అది తోడు. అందులో బూజులూ ఈస్టులూ కలిసి కాపురం చేస్తుంటాయి. బూజు రాగుల్లోని పిండిని చక్కెరగా మారుస్తుంది, ఈస్టు ఆ చక్కెరను మద్యంగా మారుస్తుంది. మామూలు బీరులో ఈ మొదటి పని మొలకెత్తిన బార్లీ చేస్తుంది. పిల్లలకు రాగి మాల్ట్ కాచే తల్లులకు ఈ మొలక మహిమ తెలిసిందే. సిక్కిం విశ్వవిద్యాలయానికి చెందిన సూక్ష్మజీవ శాస్త్రవేత్త జ్యోతి ప్రకాశ్ తమాంగ్ ఈ మర్చా బిళ్ళల్లోని జీవాల మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేశారు. మర్చా చల్లిన రాగుల్ని ఒకటి రెండు రోజులు బుట్టలో కప్పిపెట్టి, ఆ తర్వాత కుండలో మూసేస్తారు. వేసవిలో మూడు నాలుగు రోజుల్లో అయ్యే పని చలికాలంలో వారం దాకా సాగుతుంది.

పులిసిన రాగుల్ని పిండి వడగట్టరు. గింజల్ని ఉన్నపళంగా పాత్రలో నింపి, వేడినీళ్ళు పోసి, కాసేపు ఆగి, గొట్టంతో పీలుస్తారు. గొట్టం అడుగు మూసి ఉంటుంది. పక్కన కోసిన సన్నటి చీలికల్లోంచి రసం మాత్రమే ఎక్కుతుంది. అయిపోతే మళ్ళీ నీళ్ళు పోస్తారు. మూడు నాలుగు సార్లు పోసినా గింజలో సారం మిగిలే ఉంటుంది. కాస్త పులుపు, కాస్త తీపి, అడుగున రాగి వాసన. ఇదే రాగితో మనం అంబలి పులియబెట్టుకుని, ఆ పులుపు దగ్గరే ఆగిపోయాం.

బీరంటే చల్లగానే ఉండాలన్న పట్టుదల మనకు ఎక్కడినుంచి వచ్చినట్టు? యంత్రం నుంచి. జర్మనీలోని బవేరియాలో 1553లో ఒక ఆజ్ఞ వచ్చింది: ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబరు 29 దాకా ఎవరూ బీరు కాయకూడదు. ఎండలకు బీరు చెడిపోవడమే దానికి కారణం. అంటే బీరు కాయడం చలికాలపు పని, మనకు ఊరగాయలు ఎండాకాలపు పని అయినట్టు. 1870లలో కార్ల్ ఫాన్ లిండే శీతలీకరణ యంత్రాన్ని మ్యూనిక్ బ్రూవరీల్లోకి తెచ్చాక ఆ కట్టు తెగిపోయింది. ఏడాది పొడుగునా ఒకే రుచి, ఒకే రంగు, ఒకే చల్లదనం. పెద్ద కంపెనీలకు అప్పటినుంచీ కాలంతో పనిలేదు. చల్లదనంలో వాసన ముడుచుకుపోతుంది కాబట్టి, చెప్పుకోదగ్గ వాసన లేని బీరుకు ఐసు మంచి ముసుగు కూడా. ఈ మాట బ్రూవరీ వాళ్ళకు రుచించదు గాని, అదే బీరును గోరువెచ్చగా ఒక గుక్క తాగి చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది.

ఇంట్లో కాచుకునేవాళ్ళకు మాత్రం కాలంతో పని ఉంది. అందుకు నార్వే పల్లెలే సాక్ష్యం. అక్కడి పాత గులాటింగ్ చట్టం క్రిస్మస్‌కు ప్రతి రైతూ ఇంట్లో బీరు కాయాలని శాసించింది. కాయకపోతే జరిమానా. వరసగా మూడేళ్ళు ఎగ్గొడితే ఆస్తి పోతుంది. సగం రాజుకు, సగం బిషప్‌కు. బీరు కాస్తే జైలనే చట్టాలు చాలా దేశాల్లో ఉన్నాయి. కాయకపోతే ఆస్తి లాక్కునే చట్టం వేరేచోట దొరకడం కష్టం.

ఆ పల్లెల ఈస్టును ‘క్వైక్’ అంటారు. చెక్కముక్కలు గొలుసులా అల్లిన వలయాన్ని పులుస్తున్న బీరులో ముంచి, దానికి అంటుకున్న ఈస్టుతో సహా ఆరబెట్టి, వచ్చే పండక్కి దాచేవాళ్ళు. ఎవరింట్లోనైనా చెడిపోతే పక్కింటికెళ్ళి అడిగి తెచ్చుకునేవాళ్ళు, మనం మజ్జిగచుక్క కోసం వెళ్ళినట్టే. జునిపెర్ కొమ్మలు వేసి కాచిన నీళ్ళతో బీరు చేసి, ఈస్టు కలిపేటప్పుడు గట్టిగా కేక పెట్టే ఆచారం కూడా కొన్నిచోట్ల ఉండేది. ఈ పాత పద్ధతులను ఊరూరా తిరిగి సేకరించిన లార్స్ మారియస్ గార్షోల్ 2020లో వాటి మీద పెద్ద పుస్తకమే తెచ్చారు.

క్వైక్‌లో అసలు విడ్డూరం వేరే ఉంది. మామూలు ఏల్ రకం బీరు ఈస్టు 20 డిగ్రీల చుట్టుపక్కల హాయిగా ఉంటుంది, వేడి పెరిగితే రుచి పాడుచేస్తుంది. క్వైక్ మాత్రం 35 నుంచి 40 డిగ్రీల్లో రెండు మూడు రోజుల్లో పని ముగిస్తుంది. మంచుదేశపు రైతులు బీరు రసం అప్పుడే పితికిన పాలంత వెచ్చగా ఉన్నప్పుడు దాన్ని కలపడం ఆనవాయితీ. విజయవాడ మే నెల ఎండ దానికి పుట్టిల్లులా ఉంటుంది! ఈ ఈస్టులు మిగతా బీరు ఈస్టులకు భిన్నమైన ఒక ప్రత్యేక కుటుంబమని 2018లో కెనడా పరిశోధకులు జన్యు పరీక్షలతో తేల్చారు.

అమెరికా, బ్రిటన్‌లలో ఇంటి బీరు అభిమానులు చలికాలానికి నల్లటి స్టౌట్, పోర్టర్, బార్లీవైన్‌ల వైపు మొగ్గుతారు. బార్లీవైన్‌లో వైన్ లేదు. వైన్‌కు దగ్గరగా వచ్చే ఘాటు వల్ల ఆ పేరు. ఇవాళ కాచి, సీసా మీద సంవత్సరం రాసి, వచ్చే చలికాలానికి తీసేవాళ్ళు ఎందరో. దీన్ని 12, 13 డిగ్రీల దగ్గర, చిన్న గ్లాసులో, మెల్లగా తాగాలి. ఫ్రిజ్ లోంచి తీసి వెంటనే తాగేస్తే ఏడాది ఓపిక వృథా. ఈ తంతులో అపాయమూ ఉంది: సీసాలో వేసే చక్కెర పాలు తప్పితే అర్ధరాత్రి అటక మీద సీసాలు టపాసుల్లా పేలతాయి.

అమెరికాలో ఇంటి బీరు నేరం కాకుండా పోయింది 1978లో, అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకంతో. ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు, అంటే సుమారు 757 లీటర్లు కాచుకోవచ్చు. అమ్మకూడదు. అలబామా, మిసిసిపీ రాష్ట్రాలు 2013 దాకా ఒప్పుకోలేదు. 1978లో వంద లోపే ఉన్న అమెరికా బ్రూవరీలు ఇప్పుడు తొమ్మిది వేలు దాటాయి. ఆ కొత్తవాళ్ళలో చాలామంది ఇంటి బీరుతో మొదలైనవాళ్ళే. కాలిఫోర్నియాలోని చీకో పట్నంలో ఇంటి బీరు సామాన్ల దుకాణం నడిపిన కెన్ గ్రాస్‌మన్ 1980లో సియెరా నెవాడా బ్రూవరీ మొదలుపెట్టి, మరుసటి ఏడే ‘సెలబ్రేషన్’ అనే చలికాలపు ఏల్ తెచ్చారు. అది ఇప్పటికీ ఏటా చలికాలంలోనే వస్తుంది.

డాలస్‌లో ఉండే తెలుగు ఇంజనీరు గరాజులో నిశ్చింతగా స్టౌట్ కాచుకోవచ్చు. అదే మనిషి సంక్రాంతి సెలవులకు గుంటూరు వచ్చి అదే పని చేస్తే ఎక్సైజ్ కేసు. ఇక్కడ మద్యం తయారీకి లైసెన్సు ఉండాలి. ఈ చట్టం రేపే సడలించాలని అడగడం కూడా తేలిక కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద ఎందుకు తిరగబడ్డారో మరిచిపోయి ఇంటి బీరు సరదా గురించి మాట్లాడితే అది సగం మాటే అవుతుంది. ఇంకో సగం మాట కూడా చెప్పాలి: చలికి మందు ఒంట్లో వేడి పుట్టిస్తుందన్నది భ్రమ. చర్మం కిందికి రక్తం ఎక్కువగా చేరి వెచ్చగా అనిపిస్తుంది, ఒంట్లోని వేడి మాత్రం బయటికి పోతుంది.

ఇవన్నీ పక్కపక్కన పెట్టి ఒకటి ఎంచమంటే ఈ వ్యాసకర్త ఓటు తొంగ్బాకే. బార్లీవైన్‌కు ఏడాది ఓపిక కావాలి, క్వైక్‌కు నార్వే పొలం నేపథ్యం కావాలి. తొంగ్బాకు రాగులు, మర్చా, వేడినీళ్ళు చాలు. పైగా వేడిగా తాగేది అదొక్కటే. సిక్కిం వెళ్ళే తెలుగు యాత్రికులు ఐసు అడక్కుండా ఒక్కసారి దాన్ని తెప్పించుకోవాలి. వేడినీళ్ళు పోశాక ఆత్రపడి గొట్టం నోట్లో పెట్టుకోవద్దు, పది నిమిషాలు ఆగాలి. గొట్టంతో గింజల్ని కలపొద్దు, చీలికలు మూసుకుపోతాయి.