త్యాగయ్యకు గిటార్ అడ్డం కాదు

పాత పాటను ఎవరు కొత్తగా పాడినా మనవాళ్ళ నోట ముందుగా వచ్చే మాట "పాడు చేశారు". 1992లో వచ్చిన 'ఘరానా మొగుడు'లోని 'బంగారు కోడిపెట్ట'ను 2009లో 'మగధీర' కోసం మళ్ళీ కట్టినప్పుడు కూడా ఆ మాట విన్నాను. రెండు సినిమాలకూ సంగీతం కీరవాణే. తన పాటను తనే ముట్టుకున్నా మాట పడాల్సి వచ్చింది. ఇక ఎవరో రాసి, ఎవరో పాడి, తరాల తరబడి జనం నోళ్ళలో నానిన పాటను వేరేవాళ్ళు ముట్టుకుంటే ఊరుకుంటారా?

రెడ్డిగూడెంలో నాది మైకుసెట్టు వ్యాపారం. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, వినాయక చవితి, శ్రీరామనవమి పందిళ్ళు, ఎన్నికలొస్తే ఆటో మీద ప్రచారం. పాట గురించి జనం ఏమనుకుంటున్నారో ఆంప్లిఫయర్ పక్కన కూర్చున్నవాడికి వెంటనే తెలిసిపోతుంది. నచ్చితే ఎవరూ ఏమీ అనరు. నచ్చకపోతే కుర్చీలోంచి లేచొచ్చి "ముందది మార్చవయ్యా" అంటారు. ఆ అనుభవంతోనే ఒక బ్యాండ్ గురించి, దాని మీద మా పందిట్లో నడిచిన వాదన గురించి చెప్తున్నాను.

బ్యాండ్ పేరు అగం. బెంగళూరువాళ్ళు. ఉద్యోగాలు చేసుకుంటూనే బ్యాండ్ కట్టారు. తమ సంగీతాన్ని కర్ణాటక ప్రోగ్రెసివ్ రాక్ అని చెప్పుకుంటారు. పాడేదీ వయొలిన్ వాయించేదీ హరీష్ శివరామకృష్ణన్ అనే కేరళ మనిషి. మలయాళం సినిమా పాటలను ఆయన తన తీరులో సాగదీసి, రాగం విస్తరించి పాడినందుకు అక్కడివాళ్ళు కొందరు మెచ్చుకున్నారు, కొందరు తిట్టిపోశారు. 2017లో వీళ్ళ రెండో ఆల్బమ్ 'ఎ డ్రీమ్ టు రిమెంబర్' వచ్చింది. అందులో 'ద మిస్ట్ ఆఫ్ కాప్రికార్న్' అన్న పేరు చూసి ఇదేదో ఇంగ్లీషు పాట అనుకుంటాం. పెడితే వచ్చేది త్యాగయ్య 'మనవ్యాలకించరాదటే', నళినకాంతి రాగం. కింద ఎలక్ట్రిక్ గిటార్, డ్రమ్స్ హోరు.

ఈ పాటను నాకు వినిపించింది విజయవాడలో ఇంజనీరింగ్ చదివే మా అన్నయ్య కొడుకు. "బాబాయ్, ఒక్కసారి పెద్ద బాక్సుల్లో పెట్టు" అని వెంటపడ్డాడు. నవమినాడు కల్యాణం అయిపోయి, జనం పానకం గ్లాసులు, వడపప్పు దొన్నెలు పట్టుకుని కూర్చున్న వేళ పెట్టాను. రాముడి పాటే కదా, పందిరికి తగినదే అనుకున్నాను.

భజన బృందంలో హార్మోనియం వాయించే మాస్టారు మొదటి డ్రమ్ము దెబ్బకే లేచారు. "ఏమయ్యా, స్వామి ముందు ఈ గోలేంటి? త్యాగరాజు కృతిని ఇట్లా పాడతారా?" అన్నారు. మావాడు వదల్లేదు. "మాస్టారూ, ఇట్లా పాడారు కాబట్టే నేను విన్నాను. ఇది విన్నాకే బాలమురళి గారు పాడింది వెతుక్కుని విన్నాను" అన్నాడు. మాస్టారు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, రాగం మాత్రం తప్పలేదని ఒప్పుకున్నారు. ఇంకొకాయన గొంతు బాగుంది, మధ్యలో ఆ వాయింపుడు తగ్గించి ఉండాల్సింది అన్నాడు. కుర్రాళ్ళు మళ్ళీ పెట్టమన్నారు.

వీళ్ళందరికంటే నాకు పట్టిన మాట ఒకావిడ అన్నది. మామిడి తోటల్లో కాయ కోతకు వెళ్తుంది, నవమికి తెల్లారే వచ్చి పందిరి ముందు ముగ్గేస్తుంది. "పాట ఊపుగా ఉందయ్యా. కానీ రాముణ్ణి ఏమడుగుతున్నాడో ఒక్క ముక్క తెలీలేదు" అంది. నిజానికి ఆ కృతిలో త్యాగయ్య రాముణ్ణి ఏమీ అడగడు. తన మనసునే కూర్చోబెట్టుకుని, నా విన్నపం వినవే, మర్మమంతా చెప్తాను అని బతిమాలతాడు. కర్మకాండల వెంట పడి జనం సంసారపు అడవిలో తిరిగి అలసిపోతుంటే, రాముడు మనిషిగా పుట్టి నడవడి అంటే ఏమిటో చూపించాడని చెప్తాడు. పండితుడికీ కూలికీ ఒకేలా అందాల్సిన మాట అది. ఆమెకు అందలేదు.

మాస్టారి కోపం నాకు అర్థమవుతుంది గానీ, వాయిద్యం మీద కోపం నిలబడదు. ఆయన వాయించే హార్మోనియం ఎక్కడినుంచి వచ్చింది? కచేరీలో గాయకుడి పక్కన కూర్చునే వయొలిన్ కూడా తెల్లవాళ్ళ వాయిద్యమే. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దాన్ని నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చాడు. దీక్షితులు తానే కంపెనీవాళ్ళ బ్యాండ్లు వాయించే బాణీలు విని, వాటికి సంస్కృత సాహిత్యం కూర్చి నోటు స్వరాలు కట్టారు. 'సంతతం పాహిమాం' అలా ఇంగ్లండు రాజగీతం బాణీలో పుట్టిందే. పాలకొల్లులో పుట్టిన యు.శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకుని వేదికెక్కినప్పుడు కూడా పెదవి విరిచినవాళ్ళున్నారు. ఆ తర్వాత దాని మీద త్యాగరాజ కృతి వినడానికి దేశదేశాల జనం వచ్చారు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ మీద సంప్రదాయం తప్పాడన్న విమర్శ ఎంత నడిచిందో పెద్దవాళ్ళకు గుర్తే. ఊళ్ళో తత్వాలు పాడుకునేవాళ్ళ 'ఏమి సేతురా లింగా'ను ఇంటింటికీ చేర్చింది రేడియోలో ఆయన గొంతే. అది కూడా ఒకరి పాటను ఇంకొకరు తన తీరులో పాడటమే. దాన్నెవరూ పాడు చేశాడనలేదు. ఎందుకంటే ప్రతి అక్షరం చెవిలో పడింది.

ఇక్కడ నా వృత్తి మాట ఒకటి చెప్పనివ్వండి. మనిషి గొంతులో హల్లులు తేటగా వినిపించాలంటే మిడ్, ట్రెబుల్, అంటే మధ్య స్థాయి, పై స్థాయి శబ్దాలు, బాగుండాలి. రాక్ గిటార్‌కి డిస్టార్షన్ పెట్టినప్పుడు అది పరుచుకునేదీ ఆ మిడ్‌లోనే. పైనుంచి సింబల్స్ మోగితే ట్రెబుల్ కూడా నిండిపోతుంది. అచ్చులు మిగులుతాయి, హల్లులు మునిగిపోతాయి. సాగదీసిన రాగం వినిపిస్తుంది, మాట వినిపించదు. వెనకటి హారన్ మైకుల్లో బాస్ ఉండేది కాదు, సంగీతానికి అవి పనికిరావని తీసేశాం. కానీ చెట్టుకు కట్టిన హారన్లో ఘంటసాల పద్యం పక్క ఊరి పొలంలో ఉన్నవాడికి కూడా పొల్లు పోకుండా వినబడేది. ఇప్పుడు నా దగ్గరున్న పెద్ద బాక్సుల్లో గుండె అదురుతుంది గానీ, మాట అంత దూరం పోదు. కాబట్టి అగం పాటలో నాకు కనిపించిన లోపం గిటార్ ఉండటం కాదు. గాయకుడు నోరు తెరిచిన చోట గిటార్‌ను రెండు మెట్లు దించకపోవటం. దానికి తోడు, తెలుగు మాతృభాష కాని గొంతు కాబట్టి పదాల విరుపు మీద ఇంకా ఎక్కువ శ్రద్ధ కావాలి.

సినిమా పాటలకు చట్టం కాపలా ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రకారం, ఒక పాట మొదట రికార్డయిన సంవత్సరం ముగిశాక ఐదేళ్ళు గడిస్తే గానీ చట్టమిచ్చే లైసెన్సు మీద కవర్ వెర్షన్ చేయడానికి వీల్లేదు. చేసినా సాహిత్యంలో, బాణీలో అనవసరమైన మార్పులు కూడదు. త్యాగయ్య 1847లో పోయారు. ఆయన కృతికి అలాంటి కాపలా లేదు, రాయల్టీ అడిగేవాళ్ళూ లేరు. దాన్ని కాచుకోవాల్సింది వినేవాళ్ళే. అందుకే మన అభిప్రాయం గట్టిగా ఉండాలి, సరైన చోట ఉండాలి. డ్రమ్ము మోగిందని లేచి వెళ్ళిపోవద్దు. మాట నలిగితే మాత్రం ఊరుకోవద్దు.

నా బాధ ఇంకొకటుంది. త్యాగయ్య తెలుగును రాక్‌లోకి తీసుకెళ్ళడానికి బెంగళూరు బ్యాండ్ కావాల్సి వచ్చింది. హైదరాబాద్‌లో చౌరస్తా లాంటి బ్యాండ్లు సొంత పాటలు కట్టి కుర్రాళ్ళను గెలుచుకున్నాయి. అంత శక్తి ఉన్నవాళ్ళు త్యాగయ్యవో, రామదాసువో, అన్నమయ్యవో పది పాటలు తీసుకుని ఒక ఆల్బమ్ చేస్తే, ఉచ్చారణ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు.

తెలుగు బ్యాండ్లవాళ్ళకు ఒక విన్నపం. అలాంటి ఆల్బమ్ చేయండి. గిటార్ మీ ఇష్టం, డ్రమ్స్ మీ ఇష్టం. మిక్సింగ్ అయ్యాక హెడ్‌ఫోన్లలో విని సరిపెట్టుకోకుండా, ఏదైనా పల్లెటూరి పందిట్లో ఒక్కసారి పెట్టించి, చివరి వరసలో కూర్చున్న ఆడవాళ్ళను పాటలో ఏం చెప్పారో అడగండి. వాళ్ళు చెప్పగలిగితే విడుదల చేయండి. రెడ్డిగూడెంలో పెట్టిస్తామంటే నా సెట్టుకు అద్దె అక్కర్లేదు.