మనస్సు నిలవని సహోదరునికి ఒక మాట



శంషాబాదు ప్రాంతపు సంఘములలో ఆదివారము ఒక కుటుంబమంతా కలిసి ఆరాధనకు రావడము అరుదు. 2008 మార్చిలో బేగంపేట నుండి విమానాశ్రయము ఇక్కడికి మారినప్పటి నుండి సాతంరాయి, గగన్‌పహాడ్, తొండుపల్లి ఇళ్లలో ఎవరో ఒకరు డ్యూటీలో ఉంటారు, ఎవరో ఒకరు పగలే నిద్రపోతూ ఉంటారు. కార్గోలో పనివారు, క్యాబు నడిపేవారు, శుభ్రము చేసే అక్కలు, అందరి బ్రదుకు డ్యూటీ చార్టు మీదే. ఇటువంటి చోట మరపు ఎక్కువైనవానికి మన్నింపు దొరకదు. ఐడీ కార్డు ఇంట మరచితే గేటు దాటలేడు, పది నిమిషములు ఆలస్యమైతే మెమో.

ముప్పది దాటిన ఒక సహోదరుడు ఈ మధ్య మాతో చెప్పుకొన్న సంగతి, ఆయన అనుమతితోనే వ్రాస్తున్నాము. చిన్ననాటి నుండి ఏ పనియు ముగించలేడు. బిల్లు కట్టడానికి వెళ్లి కూరగాయలతో తిరిగి వస్తాడు. నాలుగు ఉద్యోగములు మారాడు. "అయ్యగారూ, వాక్యము చదవడానికి కూర్చుంటే రెండు వచనములకే లేచిపోతాను. నాలో ఏదో పాపమున్నది" అన్నాడు. ఆయన కుమారుని చూచిన పిల్లల డాక్టరు, తండ్రి కూడ ఒకసారి సైకియాట్రిస్టుకు చూపించుకొంటే మంచిదన్నారట. అపాయింట్‌మెంటు తీసుకున్నాడు. ఇంతలో బంధువులలో ఒకరు "ఎర్రగడ్డ కేసువి అయిపోయావా?" అని నవ్వారు. అంతటితో మానుకోవాలనుకొన్నాడు.

ఆయన మానుకోకూడదు. ఆయనవంటి వారు మన సంఘములలో ఇంకా ఉన్నారు గనుక ఈ మాసము దీనిని గూర్చియే వ్రాస్తున్నాము.

డాక్టర్లు దీనికి ఎ.డి.హెచ్.డి. అని పేరు పెట్టారు. ధ్యాస నిలవకపోవడము, కుదురుగా ఉండలేకపోవడము, ఆలోచింపకముందే మాట గాని చేయి గాని జారిపోవడము దీని లక్షణములు. ఇది ఫోన్ల కాలములో పుట్టిన ఫ్యాషన్ అనుకొనవద్దు. స్కాట్లండు వైద్యుడైన అలెగ్జాండర్ క్రైటన్ 1798లోనే ధ్యాస నిలవని మనస్సును గూర్చి వ్రాశాడు. 1902లో లండనులో జార్జ్ స్టిల్ అనే పిల్లల వైద్యుడు ఇటువంటి పిల్లలను గూర్చి ఉపన్యాసములిచ్చాడు. పిల్లలకే వచ్చునని చాలాకాలము తలంచారు గాని, అనేకులలో పెద్దతనమందును నిలిచియుంటుంది. కుటుంబములలో తరతరములకు దిగివస్తుంది కూడ. కుమారుని చూచి తండ్రి సంగతి బయటపడడము అందుకే. ఆడపిల్లలలో కొందరు అల్లరి చేయక కిటికీలోనుండి చూస్తూ కూర్చుంటారు గనుక వారి సంగతి ఎవరికి పట్టదు. తల్లులైన తరువాత ఇల్లు చక్కబెట్టుకోలేదని మాట పడతారు.

ఇక వెళ్ళకముందు చేయవలసినది. రక్తపరీక్షతో గాని స్కానింగుతో గాని ఇది తేలదు. డాక్టరు తేల్చేది మీ జీవితకథను బట్టి. కావున ఆ కథ సిద్ధము చేసుకొని వెళ్ళాలి. మరపు గలవాడు డాక్టరు ఎదుట కూర్చున్నప్పుడే అన్నీ మరచిపోతాడు! అందుచేత కాగితము మీద వ్రాసుకొండి. "నాకు ఏకాగ్రత లేదు" అని వ్రాస్తే డాక్టరుకు ఏమియు తెలియదు. "గత నెల రెండుసార్లు గేటు దగ్గరనుండి కార్డు కొరకు ఇంటికి వచ్చాను, గ్యాసు బండి బుక్ చేయడము మూడు వారములు వాయిదా వేశాను, మా అమ్మాయిని స్కూలునుండి తేవడము మరచాను" అని వ్రాస్తే తెలుస్తుంది. ఇంట, పనిచోట, సంఘములో వేరువేరుగా వ్రాయండి. ఒక్కచోటనే ఇబ్బంది ఉంటే కారణము వేరే కావచ్చును.

బాల్యమును గూర్చి తప్పక అడుగుతారు. 2013లో అమెరికా సైకియాట్రిస్టులు సవరించిన నియమముల ప్రకారము, పండ్రెండేండ్ల వయస్సుకు ముందే కొన్ని లక్షణములు కనబడి ఉండాలి. పెద్దవారిలో రెండు జాబితాలలో ఏదో ఒకదానిలో తొమ్మిదింటికి అయిదు లక్షణములైనను ఉండాలి. పాత ప్రోగ్రెస్ కార్డులు తెమ్మని పుస్తకములు చెబుతాయి గాని, మన పల్లె బడుల కార్డులలో మార్కులు, హాజరు తప్ప ఏముంటుంది? దానికంటె ఊరిలోనున్న అమ్మకు ఫోను చేయడము మేలు. బలపము రోజుకెన్నిసార్లు పోగొట్టేవాడో ఆమెకు గుర్తు. ఆమె రాగలిగితే వెంట తీసుకొనిపోండి. లేదా భార్య రావాలి. అయితే ఆమె అక్కడ పదేండ్ల ఫిర్యాదులన్నీ విప్పక, చూచినది చూచినట్లు చెబితే చాలు.

మా ప్రాంతమువారు అందరికంటె శ్రద్ధగా చెప్పవలసినది నిద్ర సంగతి. వారము రాత్రి డ్యూటీ, వారము పగటి డ్యూటీ చేసేవానికి, ఏ జబ్బు లేకపోయినను, మరపు, చిరాకు, ధ్యాస తప్పడము వస్తాయి. బదరీ వృక్షము క్రింద చావు కోరుకొన్న ఏలీయాకు దేవుడు ముందుగా ఇచ్చినది నిద్ర, రొట్టె, నీళ్ళు. ప్రశ్న తరువాతనే అడిగాడు. రెండు వారములు ఎప్పుడు పడుకొన్నారో, ఎప్పుడు లేచారో వ్రాసి, డ్యూటీ చార్టుతో కలిపి చూపండి. గట్టిగా గురక పెడితే అదియు చెప్పాలి. థైరాయిడ్, రక్తహీనత, దిగులు, ఆందోళన కూడ ఇలాగే కనబడగలవు. పాత రిపోర్టులు, వాడే మందుల చీటీలు ఒక కవరులో పెట్టుకొండి. బి.పి., గుండె జబ్బు ఉంటే దాచవద్దు. కొన్ని మందులు గుండె వేగమును, బి.పి.ని పెంచుతాయి.

త్రాగుడు, ఖైనీ, గుట్కా సంగతి కూడ అడుగుతారు. చావాలని ఎప్పుడైనా అనిపించిందా అని అడుగుతారు. అది అందరిని అడిగే ప్రశ్నయే, కంగారుపడక నిజము చెప్పండి. పాస్టరుగారు తోడు వచ్చినట్లయితే ఆయన బయట బల్ల మీద కూర్చోవడమే మంచిది. కాపరి ఎదుట విశ్వాసి త్రాగుడు సంగతి ఒప్పుకొనడము కష్టము!

మొదటి రోజే తీర్పు రాకపోవచ్చును. ఎ.డి.హెచ్.డి. కాదనియు చెప్పవచ్చును, అప్పుడు అసలు కారణమేమిటో అడగండి. ఫోనులో రీల్స్ చూచి తానే నిర్ణయించుకొని వెళ్ళేవారికి ఇది మింగుడుపడదు. ఎ.డి.హెచ్.డి. అని తేలితే మందులున్నవి, పని అలవాట్లు నేర్పే కౌన్సిలింగు ఉన్నది. మిథైల్‌ఫెనిడేట్ అనే మందు మన దేశములో మాదకద్రవ్యముల చట్టపు పట్టికలో ఉన్నది గనుక చీటీ లేనిదే ఇవ్వరు, అన్ని షాపులలో దొరకదు. డాక్టరు చెప్పినట్లు వాడుకొనడము నేరము కాదు. ఒకరి మాత్ర మరొకరికి ఇవ్వడము మాత్రము తగదు. ఆటమాక్సిటిన్ వేరు తరగతి మందు, గుణము కనబడుటకు కొన్ని వారములు పడుతుంది. క్యాబు నడుపుతారో, రాత్రి పనియో చెప్పి మందు వేళ అడిగి తెలిసికొండి. ఇక్కడినుండి దుబాయి వెళ్ళేవారు ఇటువంటి మందులకు అక్కడి ప్రభుత్వపు అనుమతి ముందే తీసుకోవాలి.

ఉద్యోగము పోతుందేమోనన్న భయము గలవారికి ఒక మాట. 2018 మే నుండి అమలులోనున్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రకారము, ప్రాణాపాయము వంటి కొద్ది సందర్భములలో తప్ప, మీ సంగతి డాక్టరు బయటపెట్టకూడదు. ఈ చట్టము సంఘములకు వర్తించదు గాని మనకు వర్తించినట్లే నడుచుకొందాము. బుధవారపు ప్రార్థనలో పేరు పెట్టి విన్నపము చదివితే గురువారము నాటికి శంషాబాదు బజారంతా తెలుస్తుంది. అతడే కోరితే తప్ప పేరు ఎత్తవద్దు. ప్రార్థన చేస్తే చాలు, డాక్టరెందుకు అనే పెద్దలు యెషయా గ్రంథము ముప్పది ఎనిమిదవ అధ్యాయము తెరచి చూడాలి. హిజ్కియా ప్రార్థన ఆలకింపబడిన తరువాతనే అంజూరపు పండ్ల ముద్ద పుండుకు కట్టమని ప్రవక్త చెప్పాడు.

ప్రయివేటు ఫీజు కట్టలేనివారికి ఎర్రగడ్డ ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నది. ఆ పేరు తిట్టుగా వాడేవారు అక్కడి ఓ.పి. వరుస ఒకసారి చూడాలి: ఉద్యోగులు, విద్యార్థులు, పసిబిడ్డల తల్లులు. శంషాబాదు నుండి బస్సులో అఫ్జల్‌గంజ్ వరకు వెళ్లి, దగ్గరలోని ఎం.జి.బి.ఎస్. స్టేషనులో మియాపూర్ వైపు మెట్రో ఎక్కితే మారకుండ ఎర్రగడ్డలో దిగవచ్చును. ఉదయమే బయలుదేరండి, ఆధార్ కార్డు, కాగితముల కవరు వెంట ఉంచుకొండి. ముందుగా ఎవరితోనైనా మాట్లాడాలనుకొంటే 14416కు ఫోను చేయండి; 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ ఇది, ఉచితము, రాత్రింబగళ్ళు తెలుగులో పలుకుతారు. రాత్రి డ్యూటీ ముగించి తెల్లవారుజామున మూడు గంటలకు చేసినను ఫరవాలేదు.