చీటీలేని విత్తనము

విత్తనము స్వాధీనములో లేనివానికి భూమి యున్నను లేనట్లే. దుక్కి తనది, అప్పు తనది, చెమట తనది. విత్తనము మాత్రము పరులది! రోహిణికార్తె ప్రవేశించగనే విత్తనపు దుకాణముల ముందర చెప్పులను వరుసపెట్టి తెల్లవారుజాము నుండి కాచుకొనియుండు రైతులను చూచినవారికి ఈ మాటలోని సత్యమును వేరుగ నిరూపింపనక్కరలేదు. సభలలో మనచేత అన్నదాతయని కొనియాడబడువాడు ఒక్క సంచికొరకు యాచకుడై నిలిచినాడు. ఈ దైన్యమునకు మందు దూరమున లేదు. రైతు ఇంటి అటకమీదనే కలదు. అయితే ఆ మందునకు పేరు వ్రాసి యుంచుకొనవలెను. మా నేటి వాదమంతయు ఈ చిన్నమాటను గూర్చియే.

విత్తనము దాచుట మన జాతికి క్రొత్త విద్య కాదు. కోతకు ముందే చేను కలయదిరిగి, తెగులు సోకని గట్టి వెన్నులను ఏరి, వేరుగ నూర్చి, ఎండబెట్టి, బూడిదయు వేపాకును కలిపి, మట్టిపూసిన బుట్టలలోను, కుండలలోను, ఎండిన సొరకాయబుర్రలలోను దాచిన గృహిణులే ఈ దేశపు మొదటి వ్యవసాయశాస్త్రజ్ఞులు. ఏ కుండలో ఏ కంది యున్నదో, ఏ జొన్న ఏ చెలకలో కరవునకు తట్టుకొన్నదో వారికి కంఠస్థము. ఆ జ్ఞాపకమే నాటి చీటీ. కాని జ్ఞాపకము మనిషితో పుట్టి మనిషితోనే పోవును. అవ్వ కన్నుమూసిన మరునాడు కోడలికి అవి వట్టి కుండలు, అందలివి వట్టి గింజలు. రెండేండ్లు గడచిన పిమ్మట ఏవి మొలుచునో, ఏవి చచ్చినవో తెలియక వానిని కోళ్లకు చల్లుదురు. శత్రువు దోచలేదు, అగ్ని కాల్చలేదు. పేరు లేకపోవుటచేతనే ఒక వంశము అంతరించినది.

"పాతకుండలతో నేటి జనమునకు అన్నము పెట్టగలరా?" యని కొందరు విద్యావంతులు నవ్వుదురు. వారినొక ప్రశ్న అడిగెదము. దుకాణపు సంచికి కుట్టిన చీటీని ఎన్నడైన చదివితిరా? రకము పేరు, లాటు నెంబరు, మొలకశాతము, పరీక్షించిన తేదీ, చెల్లుబాటు గడువు, అన్నియు అందుండును. వర్తకునకు చీటీ విలువ చక్కగ తెలియును. తెలియవలసిన రైతునకే తెలియకున్నది. సంకరవిత్తనముల సంగతి మేమెరుగనిది కాదు. వాని గింజలను మరల విత్తిన తల్లిగుణము నిలువదు. ప్రత్తిచేలలో ఏటేట కొనుటయే గతి యైనది. కాని సంకరము కాని వరిరకములకు, వేరుసెనగకు, పెసరకు, మినుముకు ఆ చిక్కు లేదు. కందికిని, నాటుజొన్నకును పొరుగుచేని పుప్పొడి తగులు భయము కలదు గనుక చేని నడిమినుండి విత్తనమును ఏరుకొనవలెను. కొనవలసినదానిని కొనుడు. కొననక్కరలేనిదానిని కూడ కొనుట వ్యవసాయము కాదు, వ్యసనము.

"విత్తనము దాచి పేరు వ్రాసిపెట్టిన నేరమగునా?" యని గ్రామములలో మమ్మడుగువారు కలరు. న్యాయవాదవృత్తియందున్న మేము స్పష్టముగ చెప్పుచున్నాము: కాదు. 2001వ సంవత్సరపు మొక్కల రకముల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టములోని 39వ సెక్షను రైతునకు విత్తనమును దాచుకొనుటకు, విత్తుటకు, మరల విత్తుటకు, మార్చుకొనుటకు, పంచుకొనుటకు, అమ్ముకొనుటకు సయితము హక్కు నొసగినది. నిషేధమొక్కటియే: ఆ చట్టముక్రింద రక్షణపొందిన రకమును, ఆ రకమేయని తెలుపు చీటీతో సంచికట్టి అమ్మరాదు. అమ్మకపు సంచిమీది చీటీకే ఈ ఆంక్ష. అటకమీది కుండలోని చీటీకి కాదు. ఈ భేదమును తెలియకయే మన రైతులు భయపడుచున్నారు. తెలిసినవారు వారి భయమును పోగొట్టుట లేదు.

ఆ భయమునకు కారణము లేకపోలేదు. 2019లో గుజరాతునందు పెప్సికో కంపెనీ తన ఎఫ్‌ఎల్ 2027 రకపు బంగాళాదుంపను అనుమతిలేక పండించిరని నలుగురు రైతులపై, ఒక్కొక్కరినుండి కోటిరూపాయలకు పైబడి కోరుచు దావా వేసినది. దేశమంతట ఆగ్రహము చెలరేగగా ఆ యేటి మే నెలలోనే ఉపసంహరించుకొనినది. ఆ రకపు నమోదును 2021లో అధికారసంస్థ రద్దుచేసినది. 2024 జనవరిలో ఢిల్లీ హైకోర్టు ద్విసభ్యధర్మాసనము ఆ రద్దును త్రోసివేసినది. అనగా ఎత్తిన కత్తి ఒరలోనికి పోయినదే గాని విరుగలేదు. 2004లోను, 2019లోను, 2025లోను క్రొత్త విత్తన చట్టములకు ముసాయిదాలు ఒకదానివెంట నొకటి వెలువడినవి. హక్కు కాగితముమీద నున్నంతమాత్రమున చాలదు. దానిని నిలుపుకొనుటకు సాక్ష్యము కావలెను.

ఆ సాక్ష్యమే చీటీ. తరతరములుగ రైతులు తమ చేలలో పెంచి మార్చుకొన్న రకమును రైతురకమని ఆ చట్టమే గుర్తించినది. దానిని నమోదు చేయించుకొనవచ్చును. అందుకై రైతుగాని, గ్రామసమాజముగాని రుసుము చెల్లింపనక్కరలేదు. కాని "ఇది మాది" యన్నంతనే ఏ అధికారియు వినడు. పేరేమి? ఎచ్చటిది? ఎన్నియేండ్లుగ, ఎవరి చేలలో పండినది? ఏ గుణముచేత వేరు? ఈ ప్రశ్నలకు పది సంవత్సరముల చీటీలు బదులుచెప్పినట్లు పదిమంది వక్తలు చెప్పజాలరు.

వరిశాస్త్రజ్ఞుడగు డాక్టరు రిచారియా ఛత్తీస్‌గఢ్ ప్రాంతపు పల్లెలనుండి సుమారు 19,000 వరి నమూనాలను సేకరింపజేసి, వాని వివరములను నమోదు చేయించెను. 2002లో సింజెంటా యను విదేశీకంపెనీ రాయపూరు వ్యవసాయ విశ్వవిద్యాలయముతో ఒప్పందము చేసికొని ఆ భాండారమును చేరబోయినది. ప్రజలు ఎదురుతిరుగగా ఆ యేడాదియే వెనుదిరిగినది. పేరులేని గింజలరాశి కొరకు ఏ కంపెనీయు రాయపూరునకు వచ్చియుండదు. చీటీ విలువ పరాయివానికి తెలిసినంత మనకు తెలియకుండుట సిగ్గుచేటు కాదా?

ఇది పేదలకు సాధ్యము కాదని యెవరైన అన్నచో వారిని జహీరాబాదు ప్రాంతమునకు పొమ్మనెదము. దక్కను డెవలప్‌మెంటు సొసైటీ సంఘములలోని స్త్రీలు, అందు పెక్కండ్రు దళితస్త్రీలు, తమ చిరుధాన్యములను, పప్పుధాన్యములను ఊరూర విత్తనపు కొట్లలో నిలిపిరి. అక్కడ అప్పుగొన్న విత్తనమును పంట వచ్చిన పిమ్మట హెచ్చుగ కొలిచి చెల్లింతురు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమమువారి ఈక్వేటరు బహుమానము వారిని వరించినది. ఎకరమో రెండెకరములో గల స్త్రీలు చేసినదానిని పదియెకరముల ఆసాములు చేయలేరా?

ఇక పని యెట్లు? విత్తనమును పంటికింద కటుక్కుమని విరుగునంతవరకు ఎండబెట్టవలెను. తేమ నూటికొక పాలు తగ్గినకొలది విత్తనపు ఆయువు సుమారు రెండింతలగునని శాస్త్రజ్ఞుల లెక్క. వరికి నూటికి 13, పప్పుధాన్యములకు 9 పాళ్లకు మించి తేమ యుండరాదు. ఎండవేడి చల్లారిన పిమ్మటనే కుండకెత్తి మూత బిగింపవలెను. లేనిచో లోపల చెమ్మపట్టును. వేరుసెనగను కాయతోనే యుంచవలెను. చీటీపై రకము పేరు, ఊరు, చేను, కోసిన నెల, సంవత్సరము, విత్తనమిచ్చినవారి పేరు, దాని గుణము వ్రాయవలెను. సిరా చెమ్మకు చెదరును గాన పెన్సిలుతో వ్రాసి, ఒకటి కుండలోను, ఒకటి కుండమెడకును ఉంచవలెను. మూడవప్రతి పుస్తకమున నెక్కింపవలెను. విత్తుటకు పదునైదు దినములకు ముందు 100 గింజలను తడిగుడ్డలో కట్టి చూడవలెను. వరిలో 80కి తక్కువ మొలిచిన ఆ విత్తనమును నమ్మరాదు. ఆ లెక్కయు చీటీపైకి రావలెను.

నాటువిత్తనము కొరకు తీర్మానములు చేయు మిత్రులకు తుదిమాట. మీ ఊరిలో ఎన్ని కుండలకు చీటీలున్నవి? ఒక్కదానికిని లేనిచో మీ తీర్మానము గాలిలోని మాట. బడికిపోవు ప్రతి బిడ్డకు వ్రాత వచ్చును. ప్రతి యింట వివరము చెప్పగల పెద్దమ్మయో, తాతయో ఇంకను కలరు. బిడ్డను వారి చెంత కూర్చుండబెట్టి వ్రాయింపుడు. వారు ఎల్లకాలము మనతో నుండరు. వచ్చు కార్తెకు దుకాణము ముందర చెప్పుల వరుసలో నిలుతుమో, మన చేలో మన విత్తనముతో నిలుతుమో మనమే తేల్చుకొనవలెను.